బాబాయి పోయిన రోజు పరమాన్నం

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోయాడు. దినాలు కాకముందే మా బాబాయి అమ్మ చేత ఏవో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. నాన్న వాటా రెండెకరాల మాగాణి ఆయన పేరున మారిపోయిందని తరవాత తెలిసింది. ఇంట్లోంచి కూడా పంపేశాడు. అమ్మ మిషను కుట్టి అన్నయ్యనీ నన్నూ పెంచింది. పెద్దయ్యాక అన్నయ్య వాటా కోసం కోర్టుకి వెళ్ళాడు. ఇప్పటికీ వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి.

మూడు వారాల కిందట బాబాయి గుండెపోటుతో పోయాడు. కబురు విన్న అమ్మ ఫోన్ పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా పాలు పొయ్యి మీద పెట్టింది. పరమాన్నం వండి పక్కిళ్ళకి కూడా పంపింది. నేనూ అక్కడే ఉన్నాను. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాను. అన్నయ్య కొడుకు ఆ గిన్నె ఫొటో తీసి ‘పీడ విరగడైంది’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. మా ఆయన అది చూసి ‘చచ్చినవాడి మీద పగేమిటి, మనుషులేనా మీరు’ అన్నారు. అమ్మేమో ‘నరకాసురుడు చస్తే దేశమంతా దీపావళి చేసుకోవట్లా?’ అంటుంది. మేనల్లుడు ‘షాద్‌నగర్ ఎన్‌కౌంటర్ రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు, అప్పుడెవరూ తప్పనలేదే’ అంటాడు. పెద్దకర్మకి మేమెవరం వెళ్ళలేదు.

మొన్న బాబాయి కూతురు మెసేజ్ పెట్టింది: ‘అక్కా, మా నాన్న పోతే మీరు పరమాన్నం వండుకున్నారట కదా.’ అంతే. చిన్నప్పుడు ఇద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. ఇంకా జవాబివ్వలేదు. మేం చేసింది తప్పా? దానికి ఏం చెప్పను?

జవాబు: రెండోసారి పెట్టించుకున్నానని కూడా దాచకుండా రాశారు కాబట్టి నేనూ మొహమాటం లేకుండా రాస్తాను.

సంతోషం కలగడం తప్పు కాదు. ఇన్నేళ్ళుగా ఎవరి పేరు వింటే గుండె దడ పుట్టేదో ఆ మనిషి ఇక లేడని తెలిసినప్పుడు మీ అమ్మగారి ప్రాణం తేలికపడింది. అది పిలిస్తే వచ్చేదీ కాదు, వద్దంటే ఆగేదీ కాదు. మీ ఆయనకి ఇది మింగుడుపడకపోవడంలో వింత లేదు. ఆయన అల్లుడుగా వచ్చేసరికి మీ అమ్మగారు తన కాళ్ళ మీద తను నిలబడ్డ మనిషి. ఇద్దరు పిల్లల్ని పట్టుకుని వీధిలో నిలబడ్డ రోజు ఆయన చూడలేదు. ఆయనతో వాదనకి దిగకండి. ఆ రోజు సంగతి ఒకసారి అమ్మగారి నోటే చెప్పించండి, చాలు.

చచ్చినవాడి కళ్ళు చారెడేసి అన్నట్టు, ఈపాటికి ఊళ్ళో మీ బాబాయి దేవుడిలాంటి మనిషి అయిపోయి ఉంటాడు. ఆ మాటలకి మీరు తల ఊపక్కర్లేదు. రావణుడు పడిపోయాక, అన్నకి సంస్కారం చెయ్యనని విభీషణుడు మొండికేస్తాడు. అప్పుడు రాముడన్న ‘మరణాంతాని వైరాణి’ అనే మాట, చావుతో పగలు సరి అని, చదువుకున్నవాళ్ళందరూ వల్లిస్తారు. అదే సందర్భంలో ఇంకో మాట కూడా ఉంది. వీడు అధర్మపరుడే కావచ్చు, అబద్ధాలకోరే కావచ్చు అని రాముడు ఒప్పుకుంటాడు. ఒప్పుకునే దహనం చెయ్యమంటాడు. కనక బాబాయి చేసింది అన్యాయమని మీరు ఇప్పుడూ అనవచ్చు, రేపు కోర్టులోనూ అనవచ్చు. చావు ఆ దస్తావేజుల్ని మంచివి చెయ్యదు.

ఇక అమ్మగారి దీపావళి సంగతి. ఆవిడ ఆ కథలో సగమే చెప్పారు. నరకుడు పడ్డాక భూదేవి అతని కొడుకు భగదత్తుణ్ణి తీసుకొచ్చి కృష్ణుడి ముందు నిలబెడుతుంది. పిల్లవాడు భయపడుతున్నాడు, కాపాడు అని అడుగుతుంది. కృష్ణుడు అభయమిస్తాడు. తండ్రిని చంపినవాడు కొడుకు జోలికి పోలేదు, పైగా రాజ్యం కూడా ఇచ్చాడు. (ఆ భగదత్తుడు తరవాత కురుక్షేత్రంలో కౌరవుల వైపు ఏనుగెక్కి దిగాడు. అది వేరే కథ. అభయమిచ్చేటప్పుడు కృష్ణుడు రసీదు అడగలేదు.) మతాబులు కాల్చే హడావిడిలో ఈ కుర్రాడు ఎవరికీ గుర్తుండడు. మీ ఇంట్లో జరిగిందీ అదే. బాబాయి పోయాడనే సందడిలో, ఆ ఇంట్లో తండ్రిని పోగొట్టుకున్న ఆడపిల్ల ఉందని ఎవరికీ తోచలేదు.

మీ మేనల్లుడికి కూడా ఒక మాట చెప్పండి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ పక్కనున్న చటాన్‌పల్లి దగ్గర, దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పూలు చల్లిన మాట, మిఠాయిలు పంచిన మాట నిజం. ఎవరూ తప్పనలేదన్నది నిజం కాదు. వారం తిరక్కుండానే సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ అధ్యక్షతన విచారణ కమిషన్ వేసింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని అందులో ఉంది. కుర్రాడు పూల వీడియో చూశాడు, తరవాతి సంగతి చూడలేదు.

మరి తప్పెక్కడ జరిగింది? దాయాది పోతే పది రోజులు మైల అంటాం కదా. పగ ఉన్నా లేకపోయినా, ఒకే ఇంటిపేరు కాబట్టి మీ అమ్మగారికీ అన్నయ్యకీ ఆ మైల ఉంది. నాకు ఆచారాల మీద పెద్ద పట్టింపు లేదు గానీ ఇందులో ఒక తెలివి కనిపిస్తుంది. పోయినవాడి కోసం ఏడవమని అది ఎవర్నీ నిర్బంధించదు. మనసులో ఏముందో అడగదు. ఆ పది రోజులూ పండగ చెయ్యకు, అంతే అంటుంది. అమ్మగారు వంటింట్లో పరమాన్నం వండుకుని తినడం వరకు నేను తప్పుపట్టను. పక్కింటికి గిన్నె పంపినప్పుడు అది పండగైంది. స్టేటస్‌లోకి ఎక్కినప్పుడు పాడె మీదున్న మనిషిని దాటుకుని ఆ పిల్లకి తగిలింది. ఆ అమ్మాయి మీ నాన్న పొలం రాయించుకోలేదు. మీతో ఒకే మంచం మీద పడుకున్న వయసులో ఆమెకి మాగాణి అంటే ఏమిటో కూడా తెలిసి ఉండదు.

ఈ గొడవలో పడి అమ్మగారిని మరిచిపోకండి. ఇన్నేళ్ళూ ఆవిడ ఎదురుచూసింది ‘వదినా, నేను చేసింది అన్యాయం’ అన్న ఒక్క మాట కోసం. కేసు గెలిస్తే పొలం వస్తుందేమో గానీ ఆ మాట ఇక రాదు. చెప్పవలసినవాడు చెప్పకుండానే పోయాడు. పరమాన్నం రోజున ఉన్న హుషారు నిలవదు. ఎవరి మీద కసితో ఇంతదూరం నడిచారో ఆ మనిషి లేకపోయేసరికి కొందరు ఒక్కసారిగా డీలా పడిపోతారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇది తరచుగా చూస్తుంటాను. ఆవిడ తిండి తగ్గించినా, రాత్రిళ్ళు లేచి కూర్చున్నా, బాబాయి ఊసే పదేపదే ఎత్తుతున్నా కనిపెట్టండి. ‘ఇంకా వాడి గోలేనా’ అని విసుక్కోకండి. ఆ మాటలు కొన్నాళ్ళు రావాలి, వచ్చినన్నాళ్ళూ వినండి. మరీ ముదిరితే డాక్టరుకి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు.

ఇప్పుడు చెల్లెలి మెసేజ్. వండలేదని అబద్ధమాడకండి. అది తెలుసుకునే అడిగింది. అమ్మ ఏదో చాదస్తంగా చేసిందిలే అని మీ అమ్మగారి మీదికి నెట్టకండి, మీరూ తిన్నారు కదా. పొలం ప్రస్తావన ఈ జవాబులో వద్దు. మీ ఇద్దరి మధ్య ఏ మాటలు నడుస్తాయో నాకు తెలియదు గానీ నేనైతే ఇలా రాస్తాను: ‘నిజమేనే, వండాం. మా అమ్మ పడ్డ కష్టం అలాంటిది. కానీ అది నీ కంటపడేలా చెయ్యడం మాత్రం తప్పే. నాన్న లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ తెలుసు. నువ్వు రమ్మంటే వస్తాను.’ ఆమె రమ్మనకపోవచ్చు. నాలుగు తిట్టవచ్చు కూడా. తిడితే పడండి, తిరిగి వాదించకండి. మేనల్లుడి చేత విడిగా ఫోన్ చేయించండి. ‘అత్తా, ఆ ఫొటో పెట్టింది నేను’ అని వాడి నోటితో వాడే చెప్పాలి.

ఒక ముఖ్యమైన పని మీ అన్నయ్యకి చెప్పండి. ప్రతివాది పోయినంత మాత్రాన సివిల్ కేసు పోదు. అలాగని ఊరికే కూర్చున్నా నిలవదు. ఆయన పోయిన రోజు నుంచి 90 రోజుల్లోగా వారసుల్ని, మన కోర్టు భాషలో ఎల్లార్లని, కేసులో చేర్చమని పిటిషన్ వెయ్యాలి. లేకపోతే పోయినవాడి మీద దావా రద్దవుతుంది. మళ్ళీ నిలబెట్టుకోవడానికి వేరే పిటిషన్లు, వేరే కారణాలు చెప్పుకోవాలి. మూడు వారాలు అప్పుడే గడిచాయి, ఈ వారమే లాయరుని కలవమనండి.

లోక్ అదాలత్ గురించి కూడా అడగండి. మొండిపట్టు మీ బాబాయిదే అయితే మీ పిన్ని, పిల్లలు రాజీకి రావచ్చు. అక్కడ కుదిరిన రాజీ మీద ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అయితే రాజీకి కూర్చోవాల్సింది ఆ స్టేటస్ చూసిన మనుషులే. ఎల్లార్ల పిటిషన్ వేస్తే నోటీసులు మీ పిన్ని పేరునా, ఆ చెల్లెలి పేరునా వెళ్తాయి. అవి ఆ ఇంటికి అందేలోపు మీ జవాబు ఆమెకి చేరాలి.