కార్న్ స్నేక్ రంగుల లెక్క: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కార్న్ స్నేక్ (విషం లేని పెంపుడు పాము) జంట రెండూ మామూలు నారింజ రంగువే. 15 పిల్లల్లో 8 వాటిలాగే ఉన్నాయి. 3 ఎర్రకళ్లతో నారింజ రంగులో, 3 నల్లకళ్లతో బూడిద రంగులో వచ్చాయి. ఒకటి మాత్రం ఎర్రకళ్లతో లేత గులాబీ తెలుపు. ఈ రంగులు ఎక్కడివి?

జవాబు: తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్నవే. నల్ల వర్ణకం తయారు కానివ్వనిది అమెల్ జన్యువు, ఎరుపును ఆపేది అనెరీ. రెండూ అంతర్గత లక్షణాలు. తల్లి నుంచి ఆ జన్యువు ప్రతి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందితేనే పైకి కనబడతాయి. ఒకటే ఉన్న పామును పెంపకందార్లు 'హెట్' అంటారు, చూపులకు అది మామూలు పామే. మీ జంట రెండూ ఈ రెండింటికీ హెట్ అనుకోవచ్చు. అలాంటి జంటకు సగటున 16 పిల్లల్లో 9 మామూలువి, 3 అమెల్, 3 అనెరీ, 1 రెండూ కలిసిన స్నో. ఇది సగటే సుమా, ఒక విడత గుడ్లలో స్నో అసలు రాకపోవచ్చు, రెండు మూడు కూడా రావచ్చు.

అయితే ఆ లేత గులాబీ పిల్లను అప్పుడే స్నో అనేయకండి. చార్‌కోల్ అనే వేరే జన్యువు కూడా బూడిద రంగునే తెస్తుంది, అమెల్‌తో కలిస్తే బ్లిజార్డ్ అవుతుంది. పసికూనల్లో తేడా పట్టడం కష్టం. పెరిగేకొద్దీ అనెరీ, స్నోల మెడ పక్కన పసుపు తేలుతుంది. చార్‌కోల్, బ్లిజార్డ్‌లలో సాధారణంగా తేలదు. ఆ పసుపును జబ్బనుకుని కంగారు పడేవారున్నారు, అక్కర్లేదు.

మామూలుగా ఉన్న ఆ 8లో ఒక్కోటి అమెల్‌కు హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. '66 శాతం హెట్' అని రాసేది ఇదే. తేల్చుకోవాలంటే కుబుసం ముక్కను జన్యు పరీక్షకు పంపండి, లేదా పెద్దయ్యాక అమెల్‌తో జతకట్టించండి. పది పిల్లల్లో ఒక్క అమెల్ కూడా రాకపోతే అది హెట్ కాదని దాదాపు ఖాయం.

ప్రశ్న: ఓకిటీని (మచ్చల చుట్టూ మందమైన నల్ల అంచుండే కార్న్ స్నేక్ రకం) అమెల్‌తో జతకట్టిస్తే పిల్లల మచ్చల చుట్టూ నల్ల అంచు సన్నబడింది. మాకు నకిలీ ఓకిటీ అంటగట్టారా?

జవాబు: అలా అనలేం. ఓకిటీ ఒక్క జన్యువు పని కాదు. అమెరికాలోని దక్షిణ కరొలినాలో ఆ పేరుగల ప్రాంతపు పాముల నుంచి, మందమైన నల్ల అంచూ నిండు నారింజా ఉన్నవాటినే ఏరి, తరతరాలుగా జతకట్టించగా నిలబడిన అందం అది. బయటి పాము కలిస్తే మొదటి తరంలోనే పలచబడుతుంది. పిల్లల్లో అంచు బాగా ఉన్నవాటిని ఏరి, మరో మంచి ఓకిటీతో జతకట్టించండి. ఓపిక కావాలి, దగ్గరదారి లేదు.

ప్రశ్న: మచ్చలు కలిసిపోయినట్టుండే మోట్లీ రకాన్ని, పొడవునా గీతలుండే స్ట్రైప్ రకంతో కలిపితే?

జవాబు: రెండూ ఒకే జన్యువుకు రెండు రూపాలు. మోట్లీ పాములో రెండు ప్రతులూ మోట్లీవే అయితే పిల్లలు మోట్లీలాగే కనబడతాయి, అక్కడక్కడ గీతలు కలుస్తాయి. పొట్ట కింద మామూలుగా ఉండే చదరంగం గళ్లు లేకపోవడమే ఈ రకాలకు గుర్తు.

ప్రశ్న: సన్‌కిస్డ్ అనే కార్న్ స్నేక్ రకాన్ని కొనేముందు ఏం చూడాలి?

జవాబు: ముందు 'స్టార్‌గేజర్' పరీక్ష ఫలితం అడగండి. ఈ నరాల లోపం సన్‌కిస్డ్ వంశాల్లో బయటపడింది. ఇదీ అంతర్గత లక్షణమే. లోపమున్న పిల్ల తల పైకెత్తి తిప్పేస్తుంది, పట్టు తప్పి వెల్లకిలా పడుతుంది, దీనికి మందు లేదు. ఒక్క ప్రతి మోసే పాము మాత్రం ఆరోగ్యంగానే ఉంటుంది, కాబట్టి కంటితో చూసి లాభం లేదు. కుబుసంతోనే పరీక్ష చేస్తారు. ఫలితం రాకుండా ఆ వంశపు రెండు పాముల్ని జతకట్టించకండి.