తలుపు వేశానని తెలిసినా పదేపదే చూడాలనిపిస్తోంది. ఇది ఓసీడీయేనా, తగ్గుతుందా?

ఒకటి రెండుసార్లు చూసుకోవడం అందరికీ ఉండేదే. వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం పోవడానికి చేసే పనులు కలిసి రోజుకు గంటకు పైగా తినేస్తున్నా, చదువో ఉద్యోగమో దెబ్బతింటున్నా ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే మానసిక సమస్య) అని అనుమానించాలి.

చిక్కంతా ఆ పనివల్ల దొరికే ఊరటతోనే. తాళం లాగి చూడగానే మనసు కుదుటపడుతుంది. చూశాను కాబట్టే ఏమీ కాలేదని మెదడు నేర్చుకుని, మరుసటిసారి ఇంకా గట్టిగా పట్టుబడుతుంది. అందుకే ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే చికిత్సలో భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, ఆ పని చేయకుండా ఆగడం సాధన చేయిస్తారు. మొదట్లో నిజంగానే కష్టం. అయినా చాలామందికి బాగా తగ్గుతుంది. సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ లాంటి మందులూ పనిచేస్తాయి. ఫలితం పూర్తిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మధ్యలో మీ అంతట మీరు ఆపేయకండి. ఇంట్లోవాళ్లు ప్రేమతో "వేశావులే" అని ప్రతిసారీ చెప్పడం కూడా జబ్బుకే బలమిస్తుంది, డాక్టర్ దగ్గరికి వాళ్లనూ తీసుకెళ్లండి.