ఈ హీరోల పిచ్చి చూసి రాబోయే తరాలు నవ్వుకుంటాయా? మా పర్లాకిమిడిలో అయితే నవ్వరు

ఇప్పటి జనానికి సినిమా హీరోల మీద, క్రికెటర్ల మీద ఉన్న పిచ్చి చూసి రాబోయే తరాలు ఏమనుకుంటాయి అని కదా ప్రశ్న. ఎవర్ని అడిగినా నవ్వుకుంటారు, సిగ్గుపడతారు అనే అంటారు. నేను ఒప్పుకోను. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా, ఊరు దాటితే ఆంధ్రా పాతపట్నం. నాకు ఫ్లెక్సుల షాపుంది, పెళ్ళికార్డుల డీటీపీ కూడా చేస్తాను. హీరోల పిచ్చి అంతా నా మిషన్లోంచే బయటికొస్తాది కాబట్టి దాని గురించి నాకు గట్టిగా మాట్లాడే హక్కుంది అనుకుంటున్నాను.

హైదరాబాదు వాళ్ళకి మా సంగతి తెలీదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చేసింది. అప్పట్నుంచి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ఇంగ్లీషు మీడియం కూడా తోడైంది. మా గుంటలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం చాలామందికి అక్షరం రాదు. ఆఫీసుల్లో తెలుగు కనబడదు, బస్సు బోర్డుల మీద కనబడదు, కనబడేదల్లా సినిమా పోస్టరు మీద, ఫ్లెక్సు మీద.

ఓసారి సంక్రాంతి సినిమాకి ముందు రోజు రాత్రి షట్టరు దించబోతుంటే కుర్రాళ్ళ గుంపొకటి వచ్చింది, తెల్లారేసరికి ఫ్లెక్సు కావాలి మావయ్యా అని. మేటరు ఏదిరా అంటే ఒకడు ఫోను చూపించాడు. చూస్తే మాటలన్నీ తెలుగే, అక్షరాలు మాత్రం ఒడియా! "మా గుండె చప్పుడు నువ్వే అన్నా" అని ఒడియాలో రాసుకొచ్చారు, కింద అందరి పేర్లు, ఒక్కొక్కరికీ గుండ్రంగా కత్తిరించిన ఫోటో. నాకు ఒడియా వచ్చు కాబట్టి చదువుకుంటూ అను అనే తెలుగు ఫాంట్‌లో కొడుతున్నాను, వీళ్ళు నా కుర్చీ వెనకాల నిలబడి స్క్రీన్లోకే చూస్తున్నారు. అందులో ఒకడు నెమ్మదిగా, "మావయ్యా, ఇందులో నా పేరేదీ?" అన్నాడు. చూపించాను. పెద్దది చెయ్యమన్నాడు, చేశాను. అక్కడున్న పాత బిల్లు తిరగేసి పెన్ను తీసుకుని ఆ అక్షరాలు గీసుకున్నాడు, మన ఒడియాలాగే గుండ్రంగా ఉన్నాయే అనుకుంటూ, చివర్లో ఉన్న ఒత్తు దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది, ఇదేటి కింద వేలాడుతోంది అని అడిగాడు. ఒత్తు గురించి చెప్పాను. ఇంక మిగతావాళ్ళు ఊరుకుంటారా, నాది నాది అని మీద పడ్డారు. మిషను మీంచి ఫ్లెక్సు దిగేసరికి, ఇంకా ఇంకు వాసన పోకముందే, ఒకరి పేరు ఒకరు వేలు పెట్టి చదువుతున్నారు. ఆ తర్వాత ఇంకో సినిమాకి విశాఖ నుంచి డిజైను తెప్పించుకున్నారు, ఆ కుర్రాడే అది నా దగ్గరికి పట్టుకొచ్చి, "మావయ్యా, ఇక్కడ ఒత్తు పడలేదు, సరిచెయ్యి" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడింది ఇక్కడుండే. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళకి వ్యాకరణం, నిఘంటువు రాశారు, ఆ కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని క్వినైను వాడి చెవుడు కూడా తెచ్చుకున్నారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని అవతల ఘనంగా చేస్తారు, దండలు వేస్తారు, ఉపన్యాసాలు చెప్తారు, ఆ మర్నాటి నుంచి ఇవతల పిల్లలకి ఒక్క వాచకమైనా పంపాలని ఎవరికీ తోచదు. పంతుళ్ళు చెయ్యాల్సిన పని మా ఊళ్ళో హీరోలు చేస్తున్నారు, వాళ్ళకే తెలీకుండా.

నవ్వుకుంటారు అనేవాళ్ళు ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఒకప్పుడు తిరుపతి వెళ్ళిన బస్సులు మద్రాసు దాకా వెళ్ళి ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవి, కృష్ణుణ్ణి చూసినట్టు ఆయన్ని చూసొచ్చేవారు. 1982లో ఆయన పార్టీ పెడితే 1983 జనవరికల్లా ముఖ్యమంత్రిని చేశారు. వాళ్ళని చూసి మనం నవ్వుతున్నామా? మా నాయనమ్మలు ఎంత ప్రేమగా చూశారో అని ముచ్చటగా చెప్పుకుంటున్నాం. మన మనవలూ అంతే.

కానీ చావుల్ని క్షమించరు, అది రాసిపెట్టుకోండి. 2020లో కుప్పం దగ్గర పవన్ కళ్యాణ్ ఫ్లెక్సు కడుతూ కరెంటు తగిలి ముగ్గురు, 2023లో నరసరావుపేట దగ్గర సూర్య ఫ్లెక్సు కడుతూ ఇద్దరు చదువుకునే పిల్లలు, 2024 జనవరిలో కర్ణాటక గదగ్ జిల్లాలో యశ్ కటౌటు కడుతూ ముగ్గురు పోయారు. 2025లో బెంగళూరు స్టేడియం బయట క్రికెట్ గెలుపు సంబరాల తొక్కిసలాటలో 11 మంది, తమిళనాడు కరూర్‌లో హీరో విజయ్ సభలో తొక్కిసలాటలో 41 మంది. ఇవి చదివిన రోజు నాకు మిషను ఆన్ చెయ్యబుద్ధి కాదు. ఇనప ఫ్రేము, రాత్రి పూట, పైన కరెంటు తీగ, చెప్పేవాడు ఒక్కడుండడు. అందుకే నేను ఎక్కడ కడతారో అడక్కుండా పెద్ద ఫ్లెక్సు కొట్టను, తీగల కింద అంటే ఎంత డబ్బిచ్చినా చెయ్యను, చిన్నది చేయించుకుని గోడకి కట్టుకోమంటాను. దీనికి కోపమొచ్చి పక్క షాపుకి పోయినవాళ్ళున్నారు, పోనీ.

అభిమాన సంఘాల వాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్కటి అడుగుతాను. 1998లో చిరంజీవి గారు బ్లడ్ బ్యాంకు పెడితే అభిమానులే కదా వెళ్ళి రక్తం ఇచ్చింది, ఇప్పటికీ ఇస్తున్నారు. అలాగే హీరో పుట్టినరోజుకి కటౌటు డబ్బులో కొంత తీసి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం లాంటి ఊళ్ళలో తెలుగు పిల్లలకి సాయంత్రం పూట అక్షరాలు నేర్పించండి. పలకలు, వాచకాలు, చెప్పడానికి ఒక మనిషి, అంతే కావాల్సింది. చోటు నా షాపు పైగది ఇస్తాను, అద్దె వద్దు.