గుర్రాన్ని మరొకరి చేతిలో పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పైచదువుల కోసం దూరం వెళ్లవలసి వస్తున్నదనీ, 14 ఏళ్ల నీ ఆడగుర్రాన్ని ఎవరికైనా అప్పగించక తప్పదనీ, ఆ ఆలోచనతో నిద్ర పట్టడం లేదనీ రాశావు. ఆ బాధ పోగొట్టుకోమని నేను చెప్పను. ముందుగా వచ్చి అడిగినవాళ్లకే ఇచ్చెయ్యకుండా నిన్ను ఆపేది అదే. దానికి అన్యాయం చేస్తున్నానన్న మాట మాత్రం మనసులోంచి తీసెయ్యి.

బాగా చూసుకున్న గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లలో మనిషికి చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, జబ్బులు, అప్పులు అన్నీ ఎదురవుతాయి. అందుకే పుట్టిన చోటనే ముసలిదై అక్కడే కన్నుమూసే గుర్రాలు అరుదు. పొట్టి గుర్రం మీద స్వారీ నేర్చుకున్న పిల్లలు నాలుగేళ్లు తిరిగేసరికి దానికి మించి ఎదిగిపోతారు. పందెపు గుర్రాలు చాలామట్టుకు రెండేళ్ల వయసులోనే పరుగు మొదలుపెట్టి, ఇంకా ఒళ్లు పూర్తిగా ముదరకముందే పందేల నుంచి తప్పుకుంటాయి. ఆ తరువాత మిగిలిన ఇరవై ఏళ్లు ఎవరింట గడపాలన్నది వాటిని పరిగెత్తించిన రోజుల్లో ఎవరూ ఆలోచించి ఉండరు. యజమాని పోయాక గుర్రం చేతులు మారడం కూడా తరచు జరిగేదే. వీటిలో ఏదీ గుర్రం చేసిన తప్పు కాదు.

మనుషులు ముందుచూపుతో తప్పించగలిగిన కారణం ఒకటుంది, అది జత కుదరకపోవడం. స్వారీ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు అందం చూసి మూడేళ్ల దుడుకు గుర్రాన్ని కొంటారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు. మొదటి నెలలో అది మాట వినదు, రెండో నెలలో కింద పడేస్తుంది, ఆ పైన దానికి పొగరుబోతన్న పేరు పడుతుంది, ఆ పేరుతోనే అమ్ముడుపోతుంది. కొన్నవాళ్లు ఆ పేరు విని ముందే భయపడి మరింత గట్టిగా పగ్గాలు లాగుతారు, అది మరింత ఎదురు తిరుగుతుంది. ఇలా చెయ్యి మారిన ప్రతిసారీ తరువాతి మార్పు ఇంకా త్వరగా వస్తుంది. పొగరు అనుకున్నది చాలాసార్లు నొప్పే అయి ఉంటుంది. జీను కట్టేటప్పుడు నడుము పట్టీ బిగించగానే చెవులు వెనక్కి వాల్చి, తల తిప్పి కరవబోయే గుర్రాన్ని అందరూ కొడతారు గాని, జీను వీపు మీద ఎక్కడ ఒరుసుకుంటున్నదో, కడుపులో పుండు ఉందేమో, అరిగి పదునెక్కిన పళ్ల అంచులు బుగ్గలను కోస్తున్నాయేమో చూసేవాళ్లు తక్కువ. కాబట్టి నువ్వు ఎవరితోనైనా మాట్లాడే ముందే పశువైద్యుడిని పిలిపించి పళ్లు, వీపు, గిట్టలు పరీక్ష చేయించు. నొప్పి ఉన్న గుర్రాన్ని ఎంత మంచివాళ్లకిచ్చినా అక్కడ నిలవదు.

తరువాత ఒక కాగితం తీసుకుని దాని గురించి నీకు తెలిసినదంతా రాయి. వయసు, ఎత్తు, బరువు, టీకాలు, నులిపురుగుల మందు వేసిన తేదీలు, రోజూ తినే దాణా వీటన్నిటితో పాటు దాని లోపాలు కూడా రాయాలి. బండి ఎక్కడానికి మొరాయిస్తుందా, ఉరుములకు బెదురుతుందా, తోడు గుర్రం కనబడకపోతే శాలలో అటూ ఇటూ తిరుగుతూ చెమటలు కక్కుతుందా, చెక్క అంచును పళ్లతో పట్టుకుని గాలి మింగే అలవాటు ఉందా అన్నవి కొనేవాళ్లకు ముందే తెలియాలి. ఇవి చదివి సగంమంది వెనక్కి తగ్గుతారు. తగ్గనీ. లోపం తెలిసి తీసుకున్నవాళ్లు దానితో సర్దుకుంటారు. ఇంటికి తెచ్చుకున్నాక కనిపెట్టినవాళ్లు మోసపోయామనుకుని, తాము కూడా ఆ లోపాన్ని దాచి ఇంకొకరికి అంటగడతారు.

ఉచితంగా ఇస్తానని మాత్రం ప్రకటించకు. ఆ మాట వింటే మంచివాళ్ల కన్నా ముందు దళారులు వస్తారు, తీసుకెళ్లిన వారంలోనే మారుబేరానికో, మాంసానికో అమ్మేస్తారు. న్యాయమైన ధర అడుగు. మనిషి నచ్చితే తగ్గించడం ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటుంది.

వచ్చినవాళ్లను మాటలతో కాక పనితో చూడు. గుర్రాన్ని ముందే కట్టి, తుడిచి, జీను వేసి ఉంచకు. మైదానంలోంచి పట్టి తేవడం దగ్గర నుంచీ వాళ్లనే చెయ్యమను. గుర్రాల సంగతి తెలిసిన మనిషి ఎదురుగా ముఖం మీదికి చెయ్యి చాపకుండా పక్కగా భుజం వైపు నుంచి నడిచి వచ్చి, వాసన చూడనిచ్చి, అది తల దించాక మెడ నిమురుతాడు. స్వారీ ముందు నువ్వే చేసి చూపించు, ఆ తరువాతే వాళ్లను ఎక్కనివ్వు. మనిషి బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకుండా ఉంటే మంచిది. వాళ్ల తరఫు వైద్యుడు వచ్చి గట్టి నేల మీద పరిగెత్తించి కుంటు ఉందేమో చూస్తానన్నా, నొప్పి మందులేమైనా వాడారేమోనని రక్తం తీస్తానన్నా నొచ్చుకోకు. నిజానికి పరీక్ష ఏమీ అక్కర్లేదు, ఇప్పుడే తోలుకుపోతామనేవాళ్లనే నేను అనుమానిస్తాను.

అడగవలసిన ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచేది ఒకటే: ఇంతకుముందు మీ దగ్గరున్న గుర్రాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఒక్కొక్కదాని పేరూ చెప్పి, ఇది మా దగ్గరే ముసలిదై పోయింది, అది ఫలానావాళ్ల దగ్గర ఉంది, మొన్ననే చూసి వచ్చాం అనగలిగినవాళ్లకు నీ గుర్రాన్ని ధైర్యంగా ఇవ్వవచ్చు. కుంటిదైందని అమ్మేశాం, తరువాత సంగతి తెలియదు అనేవాళ్ల చేతిలో నీ గుర్రానికీ అదే గతి పడుతుంది. ఆ పైన వాళ్ల గుర్రాలకు గిట్టలు చెక్కేవాడితోనూ, వైద్యుడితోనూ మాట్లాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కిస్తున్నారో లేదో అతనికే తెలుస్తుంది. చోటును నీ కళ్లతో చూడకుండా మాట ఇవ్వకు. 500 కిలోల గుర్రానికి రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండు మేత కావాలి, ఎప్పుడూ శుభ్రమైన నీళ్లుండాలి, తిరగడానికి నేల ఉండాలి, కనీసం ఒక తోడు జంతువు ఉండాలి. గుర్రం మందలో బతికే ప్రాణి. ఒంటరిగా కట్టేస్తే ఎంత ఖరీదైన శాలైనా దానికి ఇల్లు కాదు.

నీ విషయంలో అమ్మకం ఒక్కటే దారి కాదని నా అభిప్రాయం. చదువు ముగిశాక తిరిగి వస్తానన్న నమ్మకం ఉంటే, ఆ రెండు మూడేళ్లూ ఎవరికైనా ఒప్పందం మీద అప్పగించవచ్చు. వైద్యం ఖర్చు ఎవరిది, గుర్రాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు, దాని చేత పిల్లలు పెట్టించకూడదు, ఏ పరిస్థితిలో వెనక్కి తీసుకుంటావు అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. అమ్మడమే నిశ్చయిస్తే, వాళ్లు మళ్లీ అమ్మదలచుకున్నప్పుడు ముందు నిన్నే అడగాలన్న షరతు రాయించు. మూడో మనిషి చేతికి వెళ్లాక ఆ షరతును అమలు చేయించడం కష్టమే అయినా, రాసుకున్న మాట మంచివాళ్లకు గుర్తుంటుంది. గుర్రం ఒంట్లో గుర్తింపు సంఖ్య ఉన్న మైక్రోచిప్ ఉంటే, ఆ సంఖ్య నమోదైన చోట యజమాని పేరు మార్పించడం మరిచిపోకు, తప్పిపోయినప్పుడు దాన్ని ఇంటికి చేర్చేది ఆ నమోదే.

పంపేటప్పుడు పాత దాణా, గడ్డి కూడా కొంత పంపి, వారం పది రోజుల పాటు కొద్దికొద్దిగా మార్చమని చెప్పు. మేత ఒక్కసారిగా మారితే వచ్చే కడుపునొప్పి గుర్రాన్ని చంపగలదు. అంటువ్యాధుల భయం ఉంటుంది గనుక రెండు మూడు వారాలు అక్కడి గుర్రాలకు కాస్త దూరంగా, కాని వాటికి కనబడేట్టు ఉంచమను. మొదటి నెలలో బెదిరినా, మొరాయించినా దాని స్వభావం మీద తీర్పు చెప్పవద్దని కొత్త యజమానికి ముందే విప్పి చెప్పు. చాలా గుర్రాలు తిరిగి వచ్చేది ఆ నెలలోనే.

నీ గుర్రానిది ఇంకా పనికివచ్చే వయసు, నెమ్మది స్వభావం; సమయం తీసుకుంటే చోటు దొరుకుతుంది. ఒకవేళ వైద్యుడి పరీక్షలో నయం కాని జబ్బేదైనా బయటపడితే ఎవరికీ ఇవ్వకు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని విసుక్కునే చేతుల్లో అది చివరి రోజులు గడపడం కన్నా, నువ్వు దగ్గరుండగా వైద్యుడి చేత నొప్పి లేకుండా ప్రాణం విడిపించడమే దయ. ఆ పరిస్థితి వస్తే నాకు కబురు పెట్టు, నేను వచ్చి నీ పక్కన ఉంటాను.

ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందే ఈ పని మొదలుపెట్టు. నువ్వు రాసిన కాగితం ఎవరికీ చూపించే ముందు నాకొకసారి పంపు. వైద్యుడు పళ్ల గురించి, వీపు గురించి ఏమన్నాడో కూడా అందులో చేర్చు.

ఇట్లు,
మీ పెదనాన్న