పాముల గురించి చెప్పే ఉద్యోగానికి పాములు పట్టడం రావాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ చివరి ఏడాది. పాములు, కప్పలను కాపాడాలని ఊళ్లలో చెప్పే పని చేస్తానంటోంది. పాములు పట్టడం నేర్చుకుంటానంటే మాకు భయంగా ఉంది. ఇందులో బతుకుదెరువు ఉందా? - ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: ఈ పనికి పాములు పట్టడం రానక్కర్లేదు. అనుమతి లేకుండా పడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. పైగా బడిలో బతికున్న పామును పట్టి చూపిస్తే పిల్లలకు గుర్తుండేది మాటలు కాదు, పట్టిన తీరు. మర్నాడు పొలం గట్టు మీద అదే చేయబోతారు. ఫొటోలు చాలు.

అమ్మాయి నేర్వాల్సింది 40 నిమిషాల పాఠం నడపడం. 7 నుంచి 9వ తరగతి పిల్లలకు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, జెర్రిపోతు, కట్లపామును పోలిన విషం లేని పాము, ఈ 6 ఫొటోలు చూపాలి. కట్లపాముకు తెల్ల చారలు సాధారణంగా మెడ దగ్గర మసకగా ఉంటాయి లేదా అసలుండవు, వెనక్కి పోయేకొద్దీ తేటపడతాయి. పోలిక పాముకు మెడ దగ్గరే తేటగా ఉండి తోక వైపు మాసిపోతాయి. అయితే గుర్తుపట్టేది దూరం జరగడానికే, దగ్గరికి పోవడానికి కాదని అక్కడే చెప్పాలి. పాఠానికి ముందూ తర్వాతా అవే 5 ప్రశ్నలిచ్చి జవాబు కాగితాలు దాచుకోమనండి. ఇంటర్వ్యూలో పనికొచ్చేవి అవే.

పెద్దవాళ్లకైతే నాట్లకు ముందు, రైతు వేదికలో చెప్పాలి. "పాములు పాలు తాగవు" అని మొదలుపెడితే నాగుల చవితి చేసే ఆడవాళ్లు నొచ్చుకుంటారు, ఆ తర్వాత ఏం చెప్పినా వినరు. ముందు ప్రాణం కాపాడే మాట చెప్పాలి: కట్లపాము రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, నొప్పి అంతగా తెలియదు, అందుకే మంచం, దోమతెర. కాటు పడితే కోయొద్దు, తాడు బిగించొద్దు, కదలనీయకుండా 108లో ఆసుపత్రికి తీసుకుపోవాలి. జెర్రిపోతు ఎలుకల్ని తింటుందన్న మాట ఆ తర్వాతే చెవికెక్కుతుంది. కప్పలనూ మరవొద్దు. వాటి చర్మం నీళ్లను పీల్చుకుంటుంది, దాంతోపాటు మడిలో కలిసిన పురుగుమందు కూడా లోపలికి పోతుంది. రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది.

చదువు విషయానికొస్తే, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేయొచ్చు. డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి ఎమ్మెస్సీలున్నాయి గానీ సీట్లు చాలా తక్కువ. జూలు, స్వచ్ఛంద సంస్థల్లో ఈ పని ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటుంది. అందుకే బీఈడీ కూడా చేయించమంటాను. సైన్స్ టీచరైతే జీతమూ నిలకడగా ఉంటుంది, ఈ పనీ ఏటా సాగుతుంది.

ఈ వానాకాలం నాట్లు పడేలోపు దగ్గర్లోని బడిలో హెడ్‌మాస్టరును అడిగి ఒక పాఠం చెప్పించండి. మీరూ వెనక బెంచీలో కూర్చొని చూడండి.