గ్లాసీ పేపర్ మీద నలుపు-తెలుపు: ఆకుపచ్చ ఛాయ, రాగి మెరుపు

నలుపు-తెలుపు ఫొటో ప్రింటు, గది లోపల బాగుండి ఎండలో ఆకుపచ్చగా కనిపిస్తోందని, వంచితే నల్లటి చోట్ల రాగి మెరుపు వస్తోందని అడిగారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలండీ.

ముందు ఆకుపచ్చ ఛాయ సంగతి. బూడిద రంగును ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మామూలుగా సయాన్, మెజెంటా, ఎల్లో ఇంకులు కలిపి తయారుచేస్తుంది. వెలుగు మారితే ఆ కలయిక పొంతన చెడుతుంది. మీ ఎప్సన్ ఫొటో ప్రింటర్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ ఉంటే అదే పెట్టండి. ఎక్కువగా నలుపు, గ్రే ఇంకులే పడతాయి. ప్రింట్ సెట్టింగుల్లో పేపర్ టైప్ కూడా సరిచూడండి. అది తప్పుగా ఉండి మ్యాట్ బ్లాక్ (మెరుపులేని పేపర్లకు వాడే నల్ల ఇంకు) పడితే గ్లాసీ పూతకు పట్టదు, వేలితో రుద్దితే ఊడొస్తుంది.

ఇక రాగి మెరుపు, పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగు రేణువులుండే ఇంకు) పేపర్ పూతలోకి ఇంకకుండా పైనే ఉండటం వల్ల. ఒక రోజు ఆరనిచ్చి, ఇంక్‌జెట్ ప్రింట్లకు పనికొచ్చే స్ప్రే వార్నిష్ పల్చగా 2, 3 పూతలు వేయండి. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది. ఇదంతా తలనొప్పి అనుకుంటే లస్టర్ పేపర్‌కి (గ్లాసీ కంటే మెరుపు తక్కువుండేది) మారండి, రాగి మెరుపు అంతగా తెలియదు.