ముందు కొండ ఎక్కించు

తమ్ముడూ,

నీ కార్గిల్ కథ చదివాను. రాత్రి ఒకసారి, పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని మరోసారి. నీకు మంచి భాష ఉంది, ఆవేశమూ ఉంది. కానీ ద్రాస్ రోడ్డు దగ్గర బయలుదేరిన నీ జవాను రెండే వాక్యాల్లో తోలోలింగ్ శిఖరం మీద తేలాడు. ఆ తర్వాత నాలుగు పేజీలు డైలాగులు. అసలు కథ నువ్వు వదిలేసిన ఆ ఎక్కడంలోనే ఉంది.

తోలోలింగ్ ఎత్తు దాదాపు 15,000 అడుగులు. మనకిక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్‌లో అక్కడ సగం కంటే కాస్త ఎక్కువ అందుతుందంతే. జూన్‌లోనూ రాత్రిళ్లు గడ్డకట్టే చలి. దాక్కుందామంటే చెట్టు లేదు, పొద లేదు. పైన రాళ్లు పేర్చి కట్టిన సంగర్లు, వాటిలో మెషిన్ గన్లు. కింద శ్రీనగర్-లేహ్ రోడ్డు మీద కదిలే లారీలన్నీ పైనున్న పాకిస్తాన్ వాళ్లకు కనిపించేవి, అందుకే ఆ కొండ కోసం అంత నెత్తురు పోయింది. 1999 మే నెలాఖరులో 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ దాని మీద మళ్లీ మళ్లీ దాడికి వెళ్లింది. మేజర్ రాజేష్ అధికారి, లెఫ్టినెంట్ కల్నల్ విశ్వనాథన్ ఆ వాలు మీదే ప్రాణాలిచ్చారు. జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్ దాన్ని స్వాధీనం చేసుకుంది. నీ కథలో గెలిచిన రోజు ఒక్కటే ఉంది. గెలవని రోజుల గురించి రాయి.

అలాంటి ఒక్క పగలు చాలు నీ కథకు. రాత్రంతా ఎక్కారు, శిఖరం అందకముందే తెల్లవారింది. ఇక కదిలితే పైనుంచి కనిపిస్తారు. నీ జవానుకు దొరికింది ఒక్క బండరాయి, దాని వెనకే చీకటి పడేదాకా పడుకోవాలి. గుళ్లు రాతికి తగిలి, పెచ్చులు లేచి ముఖానికి కొడతాయి. నీళ్ల బాటిల్ అడుగంటింది. తూటాలు ఎక్కువ మోయాలని తిండి తగ్గించుకుని వచ్చాడు. నాలుగు అడుగుల దూరంలో తోటివాడు గాయపడి పిలుస్తున్నాడు, చేయి చాపితే అందడు. అతన్ని కిందికి దించాలంటే కనీసం నలుగురు కావాలి, ఆ నలుగురూ దాడికి తక్కువవుతారు. నీ కథలో ఒక్క ఆఫీసరైనా ఈ లెక్క వేసుకుని నిద్ర పట్టని వాడు ఉండాలి.

ఇంకో సంగతి. మన ఫిరంగులు కొట్టినంతసేపూ సంగర్లోని వాళ్లు తల ఎత్తరు. కానీ మనవాళ్లు దగ్గరికి చేరేసరికి ఆ ఫిరంగులు ఆగాలి, లేకపోతే మన గుండు మనమీదే పడుతుంది. చివరి గుండు పేలడానికీ పైనున్నవాడు మళ్లీ మెషిన్ గన్ అందుకోవడానికీ మధ్య కొన్ని క్షణాలే ఉంటాయి. ఆ క్షణాల్లో మిగిలిన దూరం దాటాలి. అదీ నిటారు వాలు మీద, ఊపిరందని ఛాతీతో. దాటినా పని అయిపోదు, ఒక సంగర్‌ను పక్క సంగర్ కాస్తుంటుంది. నాకు తెలిసి కొండ యుద్ధంలో ఇంతకంటే బిగువైన ఘట్టం లేదు. నువ్వు దాన్ని ‘భీకర కాల్పులు’ అని రెండు మాటల్లో దాటేశావు.

అందుకే నీ హీరో ఉద్యోగం మార్చమంటున్నాను. కరీంనగర్ కుర్రాడిని రాజ్‌పుతానా రైఫిల్స్‌లో సిపాయిని చేశావు. ఆ రెజిమెంట్లో జవాన్లు ఎక్కువగా జాట్లు, రాజపుత్రులు. మనవాడిని ఆర్టిలరీలో వెయ్యి. మన గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లోనే ట్రైనింగ్ అయ్యాడనుకో. ఫిరంగులు మైళ్ల వెనక ఉంటాయి, కానీ గుండ్లు ఎక్కడ పడాలో చెప్పే ఓపీ (అబ్జర్వేషన్ పోస్ట్) పార్టీ ఇన్‌ఫాంట్రీతోపాటే కొండెక్కుతుంది. రేడియో సెట్ మోసేది మనవాడే. ఎప్పుడు ఆపమనాలో ఆఫీసర్ చెబుతాడు, ఆ మాట కిందికి అందాల్సింది ఇతని గొంతులోంచే. సెట్ పలక్కపోతే? నీకు కావలసిన టెన్షన్ అంతా అక్కడుంది.

మన హైదరాబాద్‌వాడైన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28 రాత్రి, నిండు వెన్నెల్లో, తోలోలింగ్ ప్రాంతంలోనే నోల్ అనే శిఖరం మీద దాడి నడిపిస్తూ చనిపోయాడు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. అంతకు కొన్ని రోజుల ముందు తన నాన్నకు రాసిన ఉత్తరంలో, తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరాడు. మృత్యువు పక్కనే ఉన్న మనిషి ఇంటి గురించి ఇంత మామూలుగా మాట్లాడాడు. నీ జవాను చేత ఉపన్యాసం చెప్పించే ముందు ఇది గుర్తు తెచ్చుకో.

సంగర్లో ఉన్నవాడినీ మనిషిగానే రాయి. అతనూ అదే చలిలో, అదే రాళ్ల మధ్య ఉన్నాడు. టైగర్ హిల్ దగ్గర చనిపోయిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (‘కర్నల్’ అతని పేరే, హోదా కాదు) శవాన్ని తిరిగి పంపేటప్పుడు, బాగా పోరాడాడని మన బ్రిగేడియరే చీటీ రాసి పెట్టాడు. తర్వాత ఆ దేశం అతనికి తన అత్యున్నత పతకం ఇచ్చింది. శత్రువును పిరికివాడిగా చూపిస్తే, అతన్ని గెలవడానికి చనిపోయిన మనవాళ్ల విలువే తగ్గుతుంది. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్ వైపు రిటైరైన ఫౌజీలు చాలామంది ఉంటారు. వెళ్లి కూర్చో. ‘భయం వేసిందా సార్?’ అని మాత్రం మొదలుపెట్టకు. ప్యాక్‌లో ఏముండేది, ఏం తిన్నారు, సాక్సులు ఎలా ఆరబెట్టుకున్నారు, పక్కన ఎవరుండేవారు, ఇవి అడుగు. చెప్పలేక ఆగిపోతే నువ్వూ ఆగు, మళ్లీ అడగొద్దు. ఒక రోజు బరువైన బ్యాగ్ తగిలించుకుని మౌలాలి గుట్ట రాళ్లెక్కి చూడు. ద్రాస్‌కీ దానికీ పోలిక లేదుగానీ, వాలు మీద చూపు ఎంత దూరం వెళ్తుందో, చేతులు దేన్ని వెతుక్కుంటాయో ఒంటికి తెలుస్తుంది.

మొదటి రెండు పేజీలు తీసెయ్. తెల్లవారుతుండగా, బండ వెనక, రేడియో సెట్‌తో మొదలుపెట్టి సాయంత్రం దాకా రాయి. శిఖరం దొరకనక్కర్లేదు. రాశాక పంపు. ఎంత పొడుగున్నా చదువుతాను.

నీ అన్న,
హైదరాబాద్